అర్థాంతరము – సభాధర్మము

కాకినాడ ప్రాంతంలో ప్రవచనానంతరం శ్రోతలు సందేహాలు అడగడం పరిపాటి. ఇటీవలే తండ్రిని కోల్పోయిన ఒకడు లేచి, "ఆబ్దికతిథి ఏకాదశి అయితే శ్రాద్ధం ఆనాడే పెట్టాలా, మరునాడా?" అని అడిగాడనుకుందాం. దీనికి సమాధానముంది: స్మార్తులు ఆనాడే పెడతారు, మాధ్వులు ద్వాదశినాడు. కాని ముందుగా వినిపించేది అది కాదు. "ఈ రోజుల్లో ఎవరు పెడుతున్నారండీ" అని ఒకరు, "బ్రతికుండగా ఎంతమాత్రం చూశారో" అని మరొకరు. పృచ్ఛకుడు తల వంచుకుని కూర్చుంటాడు.

ప్రకృతవిషయాన్ని విడిచి వేరొకటి పలకడాన్ని గౌతముని న్యాయసూత్రాలు అర్థాంతరమన్నాయి. 22 నిగ్రహస్థానాలలో అదొకటి. ఇట్టివారిని వారించడం అసహనమని కొందరంటారు. ఆ మాట నిలువదు. ఎత్తిచూపవలసిన దోషాన్ని ఉపేక్షించడం కూడా నిగ్రహస్థానమే. పర్యనుయోజ్యోపేక్షణమని దాని పేరు. దానిని ప్రకటించవలసినది సభయేనని వాత్స్యాయనుని భాష్యం. అధ్యక్షుని మౌనం సౌజన్యమెలా అవుతుంది?

అయితే దోషం లేనిచోట దోషమారోపించడమూ, అంటే నిరనుయోజ్యానుయోగమూ, ఆ పట్టికలోనిదే. "ఈ ఆచారానికి ప్రమాణమేది?" అన్నవాడు వితండవాది కాడు. అతని నోరు మూయించే అధ్యక్షుడే నిగ్రహార్హుడు. (ఈ రెండవ దోషమే మన సభలలో అధికం.)

గోదావరి సీమలో అవధానాలు చూసినవారికి అప్రస్తుతప్రసంగం కొత్త కాదు. కాని అష్టావధానంలో సైతం దానికి ఎనిమిదింట ఒక్క ఆసనమే. ముందు తిథినిర్ణయం చెప్పించి, శ్రాద్ధం అవసరమా అన్న చర్చను తరువాత నడిపించవచ్చు. అడిగినవాని ఇంట ఆబ్దికం ఎల్లుండే కావచ్చు.