పందెం బండతో కడదాం, మనిషితో కాదు!

తిరునాళ్లలో బండలాగుడు చూసినవాళ్లకు మేం కొత్తగా చెప్పేదేం లేదు. పాలపళ్ల జత, నాలుగు పళ్ల జత, చివర్లో సీనియర్లు. ఒక్కో విభాగంలో అందరికీ ఒకటే బండ, ఒకటే టైము. ఎన్ని అడుగులు లాగారో జనం ముందరే టేపు పట్టి కొలుస్తారు. ఓడిన రైతు గెలిచిన ఎద్దు మూపు నిమిరి "దాణా ఏం పెడుతున్నావన్నా?" అని అడిగి ఇంటికి పోతాడు. మరుసటేడు తన జతను ఇంకా బాగా మేపి తెస్తాడు. పోటీ అంటే అదీ!

అదే రైతులు సర్పంచు ఎన్నికనో, కాంట్రాక్టు పననో వచ్చేసరికి ఎందుకు మారిపోతున్నారు? అక్కడ కొలిచే టేపు లేదు. ఇద్దరికీ ఒకటే రూలు లేదు. ఓడినవాడికి మరుసటేడు లేదు. రాత్రికి రాత్రి పక్కవాడి చీనీ తోట నేలకొరుగుతుంది. చీనీ చెట్టు కాపుకు రావడానికి ఐదేళ్లు. నరకడానికి ఒక్క రాత్రి. తోట నరికినవాడికి ఒక్క కాయన్నా ఎక్కువ దక్కిందా?

సీమోడి రక్తంలోనే పగ ఉందని సినిమాలు తీసి డబ్బు చేసుకున్నారు. పాలెగాళ్ల వారసులమట! 1800-1807 మధ్య దత్తమండలాలను ఏలిన మన్రో పాలెగాళ్లను అణచేశాడు. ఆ తర్వాత కూడా కక్షలు బతికాయంటే కారణం రక్తం కాదు, కరువు. పంట లేని ఊళ్లో, పని లేని కుర్రోడికి నాయకుడి జీపే ఉద్యోగం. 1998లో రాజారెడ్డిని చంపారు. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని చంపారు. పెద్దవాళ్ల పేర్లు పత్రికలకెక్కాయి. ఇన్నేళ్ల కక్షల్లో జీపు వెనక కూర్చుని పోయిన కుర్రోళ్ల పేర్లు ఎవరికి గుర్తు? వాళ్ల తల్లులకు తప్ప!

కొడవలి లేని చెడ్డ పంతం ఇంకొకటుంది. సింహాద్రిపురం, లింగాల రైతులకు అది బాగా తెలుసు. పక్కవాడు మూడొందల అడుగులు బోరేస్తే మనం ఐదొందలు. వాడు మళ్లీ దిగితే మనం వెయ్యి. భూమి కింద గట్లు లేవు. ఉన్న నీళ్లను ఇద్దరూ పీల్చేస్తే ఇద్దరి తోటలూ ఎండుతాయి. అప్పు మాత్రం ఎవరిది వాళ్లకే! 2002లో వాల్టా చట్టం వచ్చినా ఈ పంతం ఆగలేదు.

పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందట. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో పదేళ్లు సీమకు ముందు అవసరం తీర్చాలన్నారు. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని 1956లో పోయింది. నీళ్ల మాట కాగితం మీదే మిగిలింది. మనం ఒకరి తలలు ఒకరం లెక్కపెట్టుకుంటుంటే, మన టీఎంసీల లెక్క అడిగేదెవరు? పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరుకు 10 టీఎంసీల కడుపుంది. అది ఎన్నేళ్లు కాలిందో మనకు తెలీదా?

పంతం వదలమని మేం చెప్పం. పంతం లేని మనిషి సీమలో పుట్టడు! పంతాన్ని ఎక్కడ పెట్టాలన్నదే మా ప్రశ్న.

విద్యార్థి తమ్ముళ్లారా, మార్కుల్లో పడండి పోటీ. మీకంటే బాగా చదివేవాడి పక్కన కూర్చుని నేర్చుకోండి. జీపు మాత్రం ఎక్కొద్దు. ఉద్యోగి అన్నలారా, అర్జీ మీద సంతకం పెట్టేటప్పుడు అతనిది ఏ వర్గమని అడక్కండి. కక్ష సగం మీ టేబుల్ దగ్గరే మొదలవుతుంది. రైతు సోదరులారా, ఎవరి చెరువు పూడిక ముందు తీస్తారో, ఎవరి ఊరు వాన నీళ్లు ఎక్కువ ఆపుతుందో పందెం కాయండి. ఆ పందెంలో ఓడిన ఊరికి కూడా నీళ్లు మిగులుతాయి.

గెలిచినవాడు ఓడినవాడి ఇంటికి పోయి మజ్జిగ తాగగలిగితే అది పోటీ. పోలీసు కాపలాతో తిరగాల్సి వస్తే అది చావు. ఏది కావాలో మన ఊళ్లలో మనమే తేల్చుకుందాం!