పిలుపు సరే... పీట ఏదీ?

పేరంటానికి పిలిచి, తీరా వెళ్లాక కూర్చోమని పీటైనా వేయకపోతే మనకెలా ఉంటుంది? ఎన్నికలప్పుడు మైనారిటీ వర్గాలకు తరచూ జరిగేది అదే.

1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల సంగతే చూడండి. జాన్ కెన్నెడీని గెలిపించాలని మెక్సికన్ మూలాలున్నవాళ్లు 'వివా కెన్నెడీ' క్లబ్బులు పెట్టుకున్నారు. ఆయన భార్య జాక్విలిన్ టీవీ ప్రకటనలో స్పానిష్‌లో మాట్లాడి మరీ ఓటడిగారు. తమ ఇంటి భాష ఆమె నోట వింటే ఆ తల్లులకు ఎంత ముచ్చటేసి ఉంటుందో! అప్పట్లో టెక్సాస్‌లో ఓటు వేయాలంటే ముందుగా పన్ను కట్టాలి. కూలి డబ్బులతో గడిచే ఇంట్లో ఒక్కరికే కట్టగలిగితే ఆ ఓటు ఎవరిది? మొగుడిదా, పెళ్లానిదా? జవాబు మనకు తెలియనిది కాదు. అయినా జనం కదిలారు. ఆ రాష్ట్రంలో కెన్నెడీ దాదాపు 46 వేల ఓట్ల తేడాతో గట్టెక్కారు.

గెలిచాక? ఆశించినన్ని పదవులు రాలేదు. నాయకులు నొచ్చుకున్నారు. కానీ ఊరుకోలేదు, సొంతంగా ఒక రాజకీయ సంఘం కట్టుకున్నారు. దాని అండతో, కార్మిక సంఘం తోడుతో 1963లో క్రిస్టల్ సిటీ అనే చిన్న ఊళ్లో కౌన్సిల్ సీట్లు అయిదింటికి అయిదూ గెలిచారు. సంతోషమే! అయితే ఆ అయిదుగురూ మగవాళ్లే.

2024కి వద్దాం. జులై 21న బైడెన్ పోటీనుంచి తప్పుకున్న రాత్రే కమలా హారిస్ కోసం దాదాపు 44 వేలమంది, ఎక్కువగా నల్లజాతి మహిళలు, ఆన్‌లైన్‌లో ఒక్కచోట చేరారు. కొద్ది గంటల్లోనే 15 లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. ఇది ఎవరో పిలిస్తే వచ్చిన గుంపు కాదు. 2020 నుంచీ ఆ మహిళలు తమకు తాముగా నడుపుకుంటున్న బృందం. నవంబరులో హారిస్ ఓడిపోయారు. కానీ కూడగట్టుకున్న బలం ఎక్కడికి పోతుంది?

ఆ వారంలోనే దక్షిణాసియా మహిళలూ అలాగే సమావేశమయ్యారు. అమెరికా పౌరులైన మన తెలుగు ఆడపడుచులకూ ఇలాంటి పిలుపులు అందుతాయి. ఏ పార్టీ అయినా సరే, నచ్చితే వెళ్లండమ్మా. ఫోన్లు చేయడానికీ, ఫలహారాలు సర్దడానికీ మాత్రమే కాదు. "గెలిచిన మర్నాడు మా మాట వినేదెవరు? నిర్ణయాలు చేసే చోట మాలో ఎవరుంటారు?" అని ముందే అడగండి.

పీట వేయని పేరంటానికి మళ్లీ మళ్లీ వెళ్లం కదా!