కొత్త టైరే, గాలే తక్కువ!

మొన్న సంక్రాంతికి ఊరెళ్లేసరికి బాబాయి ట్రాక్టరు ట్రక్కుకి ధాన్యం బస్తాలు ఎత్తిస్తున్నాడు. కుడి టైరు బాగా నొక్కుకుపోయి కనిపించింది. 'గాలి తక్కువుందేమో బాబాయ్' అంటే, 'బరువెక్కితే ఏ టైరైనా అంతేరా' అని కొట్టిపారేశాడు. నాలుగు కిలోమీటర్లు వెళ్లామో లేదో... ఢాం! ట్రక్కు ఓ పక్కకి ఒరిగింది. బస్తాల మీదున్న కుర్రాడు గట్టు మీదకి దూకాడు కాబట్టి సరిపోయింది.

'కొని ఏడాది కాలేదు' అని బాబాయి లబోదిబోమన్నాడు. పంక్చర్ల షాపాయన టైరు విప్పి లోపలికి చెయ్యిపెట్టి తీస్తే గుప్పెడు నల్లటి రబ్బరు పొడి! నిజానికి బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. అది తగ్గితే తిరిగిన ప్రతిసారీ టైరు పక్కగోడ మడతపడుతుంది, వేడెక్కుతుంది, చివరికి చీలుతుంది.

ట్రక్కులకి ఎక్కువగా వేసేది 9.00-16 టైరు. 9 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము అని అర్థం. రిమ్ముకి పట్టిందికదాని జీపు టైరు బిగించేవాళ్లూ ఉన్నారు. పట్టడం వేరు, మొయ్యడం వేరు! పక్కనే ఉండే ప్లై రేటింగ్ చూడాలి. ఆ అంకె పెరిగేకొద్దీ మోసే శక్తి ఎక్కువ. నాలుగంకెల తయారీ తేదీ కూడా ఉంటుంది. 3219 అంటే 2019లో 32వ వారం. షాపులో ఏళ్ల తరబడి మూలనపడ్డ సరుకుని 'కొత్తదే సార్' అని అంటగడితే ఇక్కడే దొరికిపోతారు. ఒకే ఇరుసుకి ఓ పక్క కొత్తది, ఓ పక్క అరిగింది వేయడమూ తప్పే.

ఇక గాలి. పొలంలో ట్రాక్టరు వెనక టైర్లకి సుమారు 12 నుంచి 15 పీఎస్ఐ చాలు. ట్రక్కు టైరుకి దానికి కొన్ని రెట్లు కావాలి. బాబాయి చేసిన పొరపాటల్లా 'అన్నిటికీ కొట్టెయ్' అనడమే. ఎంత బరువుకి ఎంత గాలో టైరు కంపెనీ పట్టికలో ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. ఎండలో తిరిగొచ్చాక ముల్లు నాలుగంకెలు ఎక్కువ చూపిస్తే కంగారుపడి తీసేయకండి, అది వేడికి పెరిగిన ఒత్తిడి. ఇనుపరాడ్డుతో 'టంగ్' మని కొట్టి చూస్తే చాలదు.

అన్నట్టు, అదే ట్రక్కులో పెళ్లికీ జాతరకీ పిల్లాపాపల్ని ఎక్కిస్తుంటాం. చట్టం ఒప్పుకోదని తెలిసీ!

బాబాయి ఇప్పుడు గాలి కొలిచే గేజి కొన్నాడు. దాన్ని దేవుడి గూట్లో దాచి ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదని పిన్ని ఫోన్లో ఒకటే ఫిర్యాదు.