పిల్లవాడి చేతికి పాటల డబ్బా

ఆరేడేళ్ల బిడ్డకు సొంతంగా పాటలు వినే పరికరం కొనిపెట్టవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడు పెద్దలు తరచుగా చెప్పే సమాధానం ఒకటుంది: వేరే డబ్బా దేనికి, ఫోనులో వింటాడు గదా అని. బడులు తెరిచే జూన్ నెలలో, లింగాల నుంచి పులివెందుల అంగళ్లకు పుస్తకాల కోసం, సంచుల కోసం వచ్చే కుటుంబాల నోట ఇదే మాట మళ్లీ వినబడడం ఈ వారం ఈ శీర్షికకు విసుగు తెప్పించింది. పాటలు మరిగితే బిడ్డ చదువు చెడుతుందని శంకించే ఇల్లే, పాటతోపాటు ఆటలనూ ప్రకటనలనూ ఎడతెగని వీడియోలనూ మోసుకొచ్చే ఫోనును అన్నం కంచం పక్కన మారుమాట లేకుండా పెడుతున్నది.

జేబులో ఇమిడే పాటల యంత్రం 1979లో సోనీ వాక్‌మన్‌తో ప్రసిద్ధికెక్కి, 2001లో యాపిల్ ఐపాడ్‌గా రూపం మార్చుకొని, 2022లో ఆ ఐపాడ్ తయారీ కూడా నిలిచిపోయేనాటికి తన పని మొత్తాన్ని ఫోనుకు అప్పగించింది. కడప జిల్లాలో ఈ కథ కొంత వేరు దారిలో నడిచింది. బతుకుదెరువుకు కువైట్ వెళ్లినవారు తెచ్చిన టేప్‌రికార్డరు ఇంట్లో నలుగురికీ కనబడేచోట ఉండేది గనుక, ఏ పాట పెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది జేజి సమక్షంలోనే తేలేది. తరువాత మెమరీ కార్డు, అంటే గోరంత పలకలో వందల పాటలు దాచే సాధనం, 'చిప్పు' అన్న పేరుతో పల్లెలకు చేరగా, సెల్ అంగడిలో డబ్బులిచ్చి దానిలో పాటలు ఎక్కించుకోవడం వాడుకైంది. చీనీతోటలో డ్రిప్పు పైపులు సరిచేసుకుంటూ పోయే మనిషి చెట్టుకొమ్మకు తగిలించుకొనే స్పీకరు డబ్బా ఆ వాడుకకు చెందినదే. దానికి చిప్పు దూర్చే సందు, ఎఫ్‌ఎం మీట, ఛార్జింగు తీగ ఉంటాయి, తెర ఉండదు, ఎక్కించిన పాటలు అయిపోతే మళ్లీ మొదటి పాటే వస్తుంది.

చిన్నపిల్లలకు కొనవలసింది సరిగ్గా ఈ డబ్బానే అన్నది ఇక్కడి వాదన. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కదలకుండా కూర్చొని తెర చూసే సమయం రోజుకు గంటకు మించరాదని, ఏడాది నిండని పసివాళ్లకు అసలు కూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తెరలేని డబ్బాకు ఆ బాధ లేదు. పైగా పాటలు కొన్నే ఉండడం లోపంగా కనబడినా అదే దాని గొప్ప గుణం, ఎందుకంటే పిల్లవాడు ఒకే పాటను పదేపదే విని, చరణంలో తప్పిన మాటను తానే దిద్దుకొని, చివరకు డబ్బా ఆగినా తాను ఆగకుండా పాడగలుగుతాడు. 5,000 పాటలతో సరేగమ సంస్థ 2017లో తెచ్చిన కార్వాన్‌ను తాతలకు కానుకగా కొనేవారికి మనవడు కూడా గుర్తుకు వస్తే బాగుండును.

అయితే ఇయర్‌ఫోన్ విషయంలో మినహాయింపు లేదు. శబ్ద తీవ్రతను కొలిచే మానమైన డెసిబెల్ మామూలు లెక్కలా పెరగదు; మూడు డెసిబెల్‌లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది కనుక వినదగిన సమయం సగానికి పడిపోతుంది. పిల్లలకు 75 డెసిబెల్‌ల వద్ద వారానికి 40 గంటలు హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి రూపొందించిన ప్రమాణం చెబుతున్నది. అదే లెక్కన 84 డెసిబెల్‌ల వద్ద మిగిలేది అయిదు గంటలే. లోచెవిలో శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే సన్నని కేశకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో మళ్లీ పుట్టవు. కాబట్టి డబ్బా బిడ్డదే కావచ్చు గాని, పాట మాత్రం ఇల్లంతా వినాలి.

వినడం మొదటి మెట్టు మాత్రమేనన్నది ఈ శీర్షిక పాత పట్టుదల. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా నడిపిన కార్యక్రమాలలో పిల్లలే పాడేవారు, పిల్లలే నాటకం ఆడేవారు. రాయలసీమ పల్లెల చెక్కభజన, అంటే లోహపు బిళ్లలు బిగించిన కట్టెచెక్కలను వేళ్ల మధ్య ఆడిస్తూ పాటకు తగిన అడుగులు వేసే సామూహిక కళ, పిల్లలకు గురువు నేర్పేదీ అడుగు తరువాత అడుగుగానే. పాట తప్పితే అడుగు తప్పుతుంది, ఒకరి అడుగు తప్పితే వరుస మొత్తం ఆగుతుంది. ప్రొద్దుటూరులో స్థిరపడిన కవి పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) చిన్ననాడే సంగీతంతోపాటు నాట్యం కూడా నేర్చినవారు. ఆయన కావ్యం శివతాండవం నడకలో ఆ పాదాల చప్పుడు ఉన్నదంటే అతిశయోక్తి కాదు. సంగీతం చెప్పే అయ్యవారు లేని బడిలో చదివే బిడ్డకు ఇవేవీ అందకపోగా, కనీసం డబ్బా అయినా దక్కకపోవడం ఏ న్యాయం?

ఇక చెవులు పాడవుతాయన్న పై మాటను పెద్దలు నిజంగా నమ్మితే, దానిని ముందుగా వినాయక చవితి కమిటీలకు వినిపించాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు పరిమితి కాగా, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట మైకులు మోగరాదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వగల సడలింపు కూడా అర్ధరాత్రి దాకానే, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండానే. ఊరేగింపులో ట్రాక్టరు ట్రాలీ మీద మనిషెత్తు డీజే పెట్టెలు పేర్చగా, వాటి మోతకు కిటికీ రెక్కలు అదురుతుండగా, ఆ పెట్టెలకు అడుగు దూరంలో ఎగిరేది ఈ ఆరేళ్ల పిల్లలే. చిన్న డబ్బాకు వంద ప్రశ్నలు వేసిన తండ్రి డీజే బాడుగకు అడిగినంత చందా రాస్తున్నాడు. ఆ బాడుగలో కొంత చెక్కభజన గురువుకు ఇచ్చి, చవితికి రెండు నెలల ముందే పిల్లలను వరుసలో నిలబెట్టమని ఎవరూ కోరడం లేదు. అనుమతి కోసం వచ్చే కమిటీ చేత పెట్టెలెన్ని, ఎన్ని గంటలకు ఆపుతారు అన్న రెండు సంగతులు ముందే రాయించుకొని, ఆ వేళకు ఒక కానిస్టేబుల్‌ను పంపడం పోలీసు స్టేషన్లకు మోయలేని భారమేమీ కాదు.