దిద్దుబాటుకు చేవ్రాలేది?

కంప్యూటరు రికార్డుల్లో మార్పుల చరిత్ర రైతుకు కనిపించాలి

అమలాపురం: దస్తావేజులో ఒక్క అక్షరం కొట్టివేసినా రాసి ఇచ్చేవారు ఆ పక్కనే చేవ్రాలు చేయవలసిందే. లేనిపక్షంలో రిజిస్ట్రేషనుకు తిరస్కరించే అధికారం సబ్ రిజిస్ట్రారుకు ఉంది. స్వీకరిస్తే ఆ దిద్దుబాటును ఆయన రిజిస్టరులో నమోదు చేయాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ చెబుతున్నది ఇదే. దస్తావేజు లేఖరులకు కంఠస్థమైన ఈ నియమాన్నే సాఫ్ట్‌వేర్ నిపుణులు కాన్ఫిగరేషన్, మార్పుల నిర్వహణ అనే పేరుతో పిలుస్తున్నారు. దానిపై అంతర్జాతీయ సదస్సులే జరిగాయి. కంప్యూటరులోకి చేరిన మన భూముల లెక్కలకు ఆ నియమం ఎంతవరకు వర్తిస్తోందన్నదే ప్రశ్న.

లొల్ల లాకుల తీరు

సాఫ్ట్‌వేర్ అంటే ఒకే ప్రోగ్రాము కాదు. వందలాది ఫైళ్లు, డేటాబేసులు, వాటిని కలిపే అమరికల సముదాయమది. వాటిలో ఏ కూర్పు దేనితో కలిసి పనిచేస్తోందో నమోదు చేసి ఉంచడం కాన్ఫిగరేషన్ నిర్వహణ. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెట్టి, వికటిస్తే పాత స్థితికి మరలే దారి ఉంచుకోవడం మార్పుల నిర్వహణ. లొల్ల లాకుల వద్ద తలుపు దించితే ఆ ఫలితం పి.గన్నవరం అక్విడెక్టు దాటి రాజోలు శివారు చేలలో తెలుస్తుంది. దించినవారికి అది కనిపించదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే.

మార్పుల చరిత్రను భద్రపరిచే తొలి ఉపకరణాల్లో ఒకటైన ఎస్‌సీసీఎస్ 1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. 1988లో జర్మనీలోని గ్రాసావులో ఈ అంశంపైనే అంతర్జాతీయ కార్యగోష్ఠి జరిగింది. తెలుగు నేలపై ఆ చర్చ 2014లో సాగింది. 36వ అంతర్జాతీయ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సు మే 31 నుంచి జూన్ 7 వరకు హైదరాబాదులో నిర్వహించారు. సాఫ్ట్‌వేర్ మార్పుల చిట్టాలను తవ్వి తప్పులకు మూలాలు వెదికే పరిశోధకుల సదస్సు దానికి అనుబంధంగా తొలి రెండు రోజులు జరిగింది. ఆ మర్నాడే, జూన్ 2న, రాష్ట్రం రెండుగా విడిపోవడం గమనార్హం. సదస్సులో మార్పుల మీద పత్రాలు చదువుతున్న వేళ, అదే నగరంలో ఉమ్మడి ప్రభుత్వ డేటాబేసుల పంపకం నిజంగానే సాగుతోంది.

ఒకే ఏట మూడు పేర్లు

కోనసీమకు ఆ అనుభవం 2022లో ఎదురైంది. ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి విడివడి కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న పేరు మార్పుపై ప్రాథమిక ప్రకటన, మే 24న అమలాపురంలో హింస, ఆగస్టులో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా తుది ప్రకటన వెలువడడం విదితమే. జిల్లా పేరు ఉన్న ప్రతి డేటాబేసులోనూ ఆ మార్పు చేరాలి. ఒకదానిలో ముందు, మరొకదానిలో వెనుక అయితే ఒకే మనిషి రెండు జిల్లాల వాసిగా కనిపిస్తాడు. వాహనాల నంబర్లకు మాత్రం ఈ తిప్పలు తప్పాయి. 2019లోనే ఏపీ 05 వంటి జిల్లా కోడ్‌ల స్థానంలో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చేసింది మరి.

పరీక్షించని మార్పు ఎంత చేటు చేయగలదో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ పంపిన ఒక్క కాన్ఫిగరేషన్ ఫైలు వల్ల 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆ ఫైలును 78 నిమిషాల్లో ఉపసంహరించారు. అప్పటికే పడిపోయిన యంత్రాలను లేపడానికి రోజులు పట్టింది. అయినా ఏ మార్పు, ఏ నిమిషాన, ఎక్కడి నుంచి వెళ్లిందో తేలింది. చిట్టా ఉంది కనుకనే తేలింది.

సెంటు తేడా వచ్చినా

భూమి విషయంలో ఆ తేటతనం కొరవడుతోంది. 2020 డిసెంబరులో ఆరంభమైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. రాష్ట్రంలో పలుచోట్ల ఇద్దరు ముగ్గురు రైతుల భూమి ఒకే ఉమ్మడి ఎల్‌పీఎం కిందకు చేరి అమ్మకాలకు, రుణాలకు చిక్కులు వచ్చాయి. సెంట్ల లెక్కన కొబ్బరి తోటలు పంచుకునే కోనసీమలో ఇది చిన్న సంగతి కాదు. పొరుగున తెలంగాణలో 2020లో మొదలైన ధరణి అనుభవమూ కళ్ల ముందే ఉంది. తప్పు దొర్లితే రెవెన్యూ అధికారుల వద్ద అప్పీలు చేసుకునే దారి లేదన్న విమర్శల నడుమ, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది.

నమోదులో తప్పు దొర్లడం సహజం. దస్తావేజు తప్పితే సవరణ దస్తావేజు రాస్తారు. అప్పుడు మొదటిది చెరిగిపోదు, రెండూ రిజిస్టరులో నిలుస్తాయి. మీభూమి నుంచి తీసుకున్న 1బి ప్రతిలో పట్టాదారు పేరు, విస్తీర్ణం ఉంటాయి. ఆ విస్తీర్ణం గతంలో ఎన్నిసార్లు దిద్దబడిందో, ఏ లాగిన్ నుంచి దిద్దారో ఆ ప్రతిలో ఉండదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి ఈసీ కోరితే ఏళ్ల తరబడి జరిగిన క్రయవిక్రయాలు, తనఖాలు వరుసగా చేతికి వస్తాయి. 1బిలో జరిగిన దిద్దుబాట్లకూ అటువంటి ప్రతి ఒకటి తహసీల్దారు కార్యాలయంలో దొరకాలి.