నడిచే శవాలు, కమిటీలో లేని స్త్రీలు

హక్కుల గురించి రాసుకునే పత్రికలో అమెరికా వాళ్ళ శవాల కథకు పేజీలు కేటాయించడం ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. పోడు పట్టాలున్నాయి, నిర్వాసితుల సమస్య ఉంది, అంగన్‌వాడీ కార్యకర్తల జీతాలున్నాయి. వీటి మధ్య ఈ జాంబీల గొడవేమిటి? భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు ఏ హాస్టల్‌కి వెళ్ళినా, ఏ స్వచ్ఛంద సంస్థ ఆఫీసుకు వెళ్ళినా యువతరం చేతుల్లో సెల్‌ఫోన్లు కనిపిస్తాయి. వాటిలో వాళ్ళు ఏ కథలు చూస్తున్నారో మనం అడగటం లేదు. సినిమాల్లో స్త్రీల చిత్రణ మీద నలభై ఏళ్ళుగా రాస్తున్న మనం, ఈ సీరియళ్ళ దగ్గరికి వచ్చేసరికి పిల్లల కాలక్షేపమని వదిలేస్తున్నాం.

నేను మాట్లాడబోయేది 'ద వాకింగ్ డెడ్' గురించి. ఇది మొదట బొమ్మల కథ. రాబర్ట్ కిర్క్‌మన్ రాశాడు. మొదటి ఆరు సంచికలకు టోనీ మూర్, ఆ తర్వాత చివరిదాకా చార్లీ అడ్లార్డ్ బొమ్మలు వేశారు. 2003లో మొదలై 2019లో 193వ సంచికతో ఆగింది. టెలివిజన్ సీరియల్ 2010 అక్టోబరులో మొదలై 11 సీజన్లు నడిచి 2022 నవంబరులో ముగిసింది. కథ రెండింటిలోనూ ఒకటే. రిక్ గ్రైమ్స్ అనే పోలీసు ఆస్పత్రిలో స్పృహ వచ్చి లేచేసరికి ప్రపంచం కూలిపోయి ఉంటుంది. చచ్చినవాళ్ళు లేచి నడుస్తుంటారు, బతికున్నవాళ్ళని కరుస్తుంటారు. ప్రభుత్వం లేదు, కోర్టు లేదు, రేషన్ షాపు లేదు. మిగిలిన కొద్దిమంది గుంపులుగా చేరి కొత్తగా ఒక సమాజాన్ని కట్టుకోవాలి. ఒకే కథను రెండుసార్లు చెప్పినప్పుడు ఏది మార్చారో, ఏది ముట్టుకోలేదో గమనిస్తే చెప్పేవాళ్ళ మనసు బయటపడుతుంది. సమాజశాస్త్ర విద్యార్థికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

ముందుగా ఒక చిన్న పక్కదారి. జాంబీ అనే ఊహ అమెరికాలో పుట్టలేదు, హైతీలో పుట్టింది. చెరకు తోటల్లో బానిసలుగా చచ్చేదాకా పనిచేసిన ఆఫ్రికన్ల భయం అది: చచ్చాక కూడా లేపి పని చేయిస్తారేమోనన్న భయం. 1915 నుంచి 1934 దాకా హైతీ అమెరికా సైన్యం ఆక్రమణలో ఉంది. ఆ కాలంలోనే, 1929లో సీబ్రూక్ అనే అమెరికన్ రాసిన యాత్రా గ్రంథం ద్వారా ఈ ఊహ వాళ్ళ దేశానికి చేరింది. 1932లో వచ్చిన సినిమాలో చక్కెర మిల్లులో గానుగ తిప్పే శవాలు ఇంకా కనిపిస్తాయి. 1968లో జార్జ్ రొమేరో సినిమా వచ్చేసరికి కూలీ మాయమై, మనిషిని తినే గుంపు మిగిలింది. అంటే దోపిడీకి గురైనవాడి భయంగా మొదలైనది, ఇల్లూ వాకిలీ ఉన్నవాడి భయంగా మారిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతాది అర్థం చేసుకోవడం తేలిక.

ఇక అసలు విషయం. పుస్తకంలో రిక్ గుంపు ఒక ఖాళీ జైలును బాగుచేసుకుని అందులో కాపురం పెడుతుంది. కొన్నాళ్ళకు, నిర్ణయాలన్నీ రిక్ ఒక్కడే తీసుకోవడం మంచిది కాదని ఒక కమిటీ వేస్తారు. రిక్, టైరీస్, హెర్షెల్, డేల్. నలుగురూ మగవాళ్ళే. ఆడవాళ్ళెవరూ లేరేమిటని రిక్ ఒకసారి అడుగుతాడు. వాళ్ళే ఇలా కోరుకున్నారని, తమకు రక్షణ ఉంటే చాలన్నారని జవాబు వస్తుంది. అంతటితో ఆ ప్రస్తావన అయిపోతుంది. ఆ మాట స్త్రీలు తమ నోటితో అనగా మనకు కనిపించదు. ఆ జైలులో ఉన్న స్త్రీలెవరు? గుంపులో అందరికన్నా గురిచూసి కాల్చగల ఆండ్రియా. గొలుసులు కట్టిన రెండు శవాలను వెంటపెట్టుకుని ఒంటరిగా ప్రాణం కాపాడుకుంటూ వచ్చిన మిషోన్. వీళ్ళు 'మాకు రక్షణ చాలు' అన్నారంటే నమ్మాలా?

ఈ జవాబు మనకు కొత్తది కాదు. అటవీ హక్కుల గుర్తింపు చట్టం 2006లో వచ్చింది. దాని నియమాల ప్రకారం గ్రామసభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో మూడోవంతుకు తక్కువ కాకుండా స్త్రీలుండాలి. చట్టం 4(4) సెక్షన్ ప్రకారం పెళ్ళయినవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. ఈ సరిహద్దు మండలాల్లో పనిచేసిన కార్యకర్తలెవరినైనా అడగండి, రిజిస్టరులో స్త్రీల పేర్లుంటాయి, వేలిముద్రలుంటాయి. మీటింగుకు మాత్రం రారు. ఎందుకు రాలేదని అడిగితే 'మా ఆడవాళ్ళే వద్దన్నారు మేడం' అంటారు. మీటింగు పెట్టేది ఇప్పపువ్వు ఏరే వేళకో, తునికాకు కట్టలు కట్టే వేళకో అయితే, మాట్లాడేది ఆమెకు రాని భాషలో అయితే, ఆమె వద్దనక ఏమంటుంది? కోయ స్త్రీ అడవికి వెళ్ళి దుంపలు తవ్వి తెచ్చి, విత్తనాలు దాచి, కూలికి వెళ్ళి ఇల్లు నడుపుతుంది. ఆ అడవి ఎవరిదో తేల్చే చోట ఆమెకు 'రక్షణ చాలు' అంటున్నారు.

టెలివిజన్ వాళ్ళు ఈ కమిటీని అలాగే ఉంచలేకపోయారు. 2013లో వచ్చిన నాలుగో సీజన్లో అదే జైలులో ఐదుగురి కౌన్సిల్ ఉంటుంది. అందులో కరోల్, సాషా అనే ఇద్దరు స్త్రీలున్నారు. పదేళ్ళలో ప్రేక్షకులు మారారని, ఆ మార్పు వెనక ఎంతోమంది స్త్రీల పోరాటముందని ఒప్పుకోవాల్సిందే. కానీ అదే సీజన్లో ఏం జరుగుతుందో చూడండి. జబ్బు పాకకుండా ఆపడానికి కరోల్ ఇద్దరు రోగుల్ని చంపిందని రిక్‌కు తెలుస్తుంది. అప్పటికి రిక్ కౌన్సిల్‌లో సభ్యుడు కూడా కాదు, వ్యవసాయం చేసుకుంటున్నాడు. అయినా కరోల్‌ను కారులో బయటికి తీసుకెళ్ళి, దారిలోనే తీర్పు చెప్పి, వెళ్ళిపొమ్మంటాడు. కౌన్సిల్ కూర్చోలేదు, ఆమె మాట నలుగురూ వినలేదు. ఆమె చేసింది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కుర్చీ ఇచ్చారు, నిర్ణయం మాత్రం రోడ్డు మీద జరిగింది. 50 శాతం రిజర్వేషన్లో గెలిచిన సర్పంచి ఇంట్లో ఉంటే భర్త మండలాఫీసులో కూర్చునే దృశ్యం చూసినవాళ్ళకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కరోల్ సంగతే ఇంకొంచెం చూద్దాం. పుస్తకంలో ఆమె మగవాడి తోడు లేకుండా నిలబడలేని మనిషి. టైరీస్ ఆమెను మోసం చేస్తే ఆత్మహత్యకు ప్రయత్నిస్తుంది, చివరికి తానే వెళ్ళి ఒక శవం చేత కరిపించుకుని చనిపోతుంది. సీరియల్లో ఆమెకు ఎడ్ అనే భర్తను పెట్టారు. కొట్టే మొగుడు. మొదటి సీజన్లో చెరువు గట్టున ఆడవాళ్ళు అందరి బట్టలూ ఉతుకుతుంటే వాడు పక్కన నిలబడి సిగరెట్ కాలుస్తాడు. వాడు చనిపోయాక, వాడి శవం లేవకుండా తల పగలగొట్టే పని కరోల్ తానే అడిగి తీసుకుంటుంది. గొడ్డలి వంటి పనిముట్టుతో ఏడుస్తూ కొడుతూనే ఉంటుంది. గృహహింస మీద ఎన్నో వర్క్‌షాపులు నడిపిన నాకు ఆ దృశ్యం ఇప్పటికీ మరపు రాదు. ఆ తర్వాత ఆమె జైలులోని పిల్లలకు కథలు చెప్పే క్లాసు పేరుతో రహస్యంగా కత్తి పట్టడం నేర్పుతుంది. చివరి ఎపిసోడ్ దాకా బతికే ఉంటుంది.

అయితే టెలివిజన్ ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంది. పుస్తకంలో 167వ సంచిక దాకా బతికిన ఆండ్రియా, గుంపుకు వెన్నెముక వంటి మనిషి. ఆమెను సీరియల్లో గవర్నర్ అనే నియంత ప్రేమలో పడేసి, 2013లోనే మూడో సీజన్ చివర చంపేశారు. ఇంకో దృశ్యం ఉంది. రెండో సీజన్లో ఆండ్రియా తుపాకీ పట్టి కాపలా కాస్తుంటే, వంటా బట్టలూ మా మీద వదిలేశావని లోరీ ఆమెను నిలదీస్తుంది. ఆ పనిని మగవాళ్ళు కూడా పంచుకోవాలన్న మాట ఆ గొడవలో ఇద్దరికీ తోచదు. ప్రపంచమే కూలిపోయినా ఇంటిపని పంపకం కూలలేదన్నమాట! రాసినవాళ్ళకు అది సమస్యగా కనిపించకపోవడమే నాకు ఆశ్చర్యం. లోరీకి కూడా చావు తప్పలేదు. పుస్తకంలో చంటిబిడ్డను ఎత్తుకుని పరిగెడుతుంటే తుపాకీ గుండు తగిలి, సీరియల్లో మత్తుమందు లేకుండా కడుపు కోసి బిడ్డను తీసినప్పుడు. వాగులు దాటించి గర్భిణిని జెట్టీ మీద మోసుకొచ్చే ప్రాంతంలో ఆ రెండోది చూడటానికి జాంబీలు అక్కర్లేదు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న మిషోన్‌ది. పుస్తకంలో గవర్నర్ ఆమెను కట్టేసి మళ్ళీ మళ్ళీ అత్యాచారం చేస్తాడు. తర్వాత ఆమె అతని మీద తీర్చుకునే పగను పేజీల కొద్దీ వివరంగా గీశారు. ఒక నల్లజాతి స్త్రీ శరీరాన్ని తెల్లజాతి పురుషుడు హింసించడాన్ని ఇద్దరు మగవాళ్ళు రాసి, గీశారు. సీరియల్ వాళ్ళు దీన్ని తీసేశారు. బదులుగా గవర్నర్ మ్యాగీ అనే అమ్మాయిని ఒంటరి గదిలో చొక్కా విప్పమని బెదిరించే దృశ్యం పెట్టారు. మిషోన్ ఒక గాజు పెంకుతో వాడి కన్ను పొడుస్తుంది. అత్యాచారాన్ని చూపించకపోవడం మెరుగు అని నేను అనుకుంటున్నాను. పుస్తకంలోని పగ మీద నాకు వేరే అభ్యంతరముంది. అక్కడ కోర్టు లేదు కాబట్టి పగ ఒక్కటే న్యాయమవుతుంది, పాఠకుడికి తృప్తి కలుగుతుంది, లెక్క చెల్లిపోతుంది. కోర్టు ఉన్నచోట ఏమైంది? 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్లో కోర్టు నిందితులను విడుదల చేస్తూ, దర్యాప్తు సరిగ్గా జరగనందుకు ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలంది. పదిహేనేళ్ళకు పైగా వాళ్ళు మాట మార్చకుండా నిలబడ్డారు. ఆ పదిహేనేళ్ళను గీయడం, రక్తం గీయడం కన్నా చాలా కష్టం. ఏ బొమ్మల కథా ఆ పనికి పూనుకోలేదు.

పుస్తకమూ సీరియలూ రెండూ ముట్టుకోనిది ఒకటి మిగిలింది. అది ఆ గుంపు. నడిచే శవాలకు పేర్లుండవు. 'వస్తున్నారు', 'మీద పడుతున్నారు', 'కంచె వేయండి' అనే మాటలే ఉంటాయి. ఈ మాటలు నేను మన అడవి అంచున కూడా విన్నాను, గుత్తికోయల గురించి. 2005లో సల్వాజుడుం మొదలైనప్పటి నుంచి దంతెవాడ వైపు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి, ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నవారు వీరు. అక్కడ షెడ్యూల్డ్ తెగ, ఇక్కడ ఆ గుర్తింపు పత్రం దొరక్క తిరిగారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి హత్య జరిగింది. అది ఘోరం, అందులో రెండో మాట లేదు. ఆ నేరానికి ఇద్దరికి 2023లో యావజ్జీవ శిక్ష పడింది. కానీ హత్య జరిగిన రోజుల్లోనే బెండాలపాడు పంచాయతీ గుత్తికోయలందరినీ వెళ్ళగొట్టాలని తీర్మానించింది. అందరూ అంటే చంటిపిల్లల తల్లులు కూడా.

వాళ్ళే మిరప కోతల కాలంలో మనకు కావాలి. 2020 ఏప్రిల్లో లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరపతోటల నుంచి బీజాపూర్‌లోని ఇంటికి బయలుదేరిన 12 ఏళ్ళ ఆదివాసీ బాలిక మూడు రోజులు అడవిదారిన నడిచి, ఇంకాస్తలో ఊరు చేరుతుందనగా చనిపోయింది. చచ్చేదాకా పనిచేసే కూలీ గురించి హైతీలో మొదలైన కథ గోదావరి ఒడ్డున ఇలా కనిపిస్తుంది.

చివరి సంచిక గురించి చెప్పి ఆపుతాను. నలుగురు మగవాళ్ళ కమిటీ వేసుకున్న ఆ పుస్తకంలోనే, ఇరవై ఏళ్ళు గడిచాక మిషోన్ న్యాయమూర్తిగా, మ్యాగీ అధ్యక్షురాలిగా కనిపిస్తారు. సీరియల్ ముగింపులో గవర్నరు, ఉప గవర్నరు ఇద్దరూ మగవాళ్ళే. ఇక్కడ పుస్తకమే ముందుంది. కాకపోతే ఆ ఇరవై ఏళ్ళలో ఏం జరిగిందో, కుర్చీలు ఎవరు ఖాళీ చేశారో, ఎవరు అడిగితే ఖాళీ చేశారో ఒక్క పేజీ కూడా లేదు. పోడు సర్వేల కోసం గ్రామసభలు పెట్టించే కార్యకర్తల శిక్షణలో నేను జైలు కమిటీ పేజీని ఫోటోకాపీ తీసి పంచుదామనుకుంటున్నాను. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, బొమ్మలో నలుగురు మగవాళ్ళు కనిపిస్తారు. పక్కన తమ ఊరి రిజిస్టరు పెట్టుకుని, అందులో ఉన్న స్త్రీల పేర్లు ఒక్కొక్కటీ చదివి, ఆ రోజు ఆమె ఎక్కడుందో అడిగి రాసుకురమ్మని చెబుతాను.