దెబ్బ కాదు, తోడు కావాలి



‘దెబ్బ పడితేనే దారికొస్తారు’ అంటూ గత వారం మీ పత్రికలో వేసిన వ్యాసంతో నేను ఏకీభవించలేను. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే రచయిత చలం ‘బిడ్డల శిక్షణ’లో కొట్టొద్దని మొత్తుకున్నారు.

మా పెద్దవాడు ఆరేళ్లప్పుడు అన్నం పళ్లెం విసిరేస్తే చెయ్యెత్తాను. వెంటనే వాడు రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. దెబ్బ వాడికి అప్పటికే అలవాటైపోయిందన్నమాట. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. వాడి మొండితనం కన్నా నా అలసటే పెద్దదని తర్వాత తెలిసింది. మా ఆయనది రాత్రి డ్యూటీ, ఒళ్లో చంటిది, దగ్గర్లో అత్తగారూ లేరు, అమ్మా లేదు. పక్కింటి పిన్నిగారు సాయంత్రాలు ఓ గంట చంటిదాన్ని ఎత్తుకోవడం మొదలుపెట్టాక, వాడి పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టగలిగాను. పళ్లెం మళ్లీ ఎగరలేదు.

తల్లిని తప్పుపట్టే ముందు ఆమెకు తోడెవరున్నారో అడగండి. మరీ ఉక్కిరిబిక్కిరైనప్పుడు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. దయచేసి ఆ నంబరు ప్రతి వారం మీ పత్రికలో వేయండి.

– ఒక తల్లి, తెనాలి